వాలు వచ్చిందా, సూత్రం మాత్రమే వచ్చిందా: పిల్లలకు ఏ పరీక్ష పెట్టాలి?

నాలుగైదేళ్ల కిందటి మాట. అప్పటి పదో తరగతి పాత పుస్తకంలో, నిరూపక జ్యామితి పాఠంలోనే వాలు (ఇంగ్లిష్‌లో స్లోప్, గీతలో నిలువు మార్పును అడ్డం మార్పుతో భాగిస్తే వచ్చే అంకె) ఉండేది. ఆ పాఠం అయ్యాక స్లిప్ టెస్ట్ పెడితే ఒక పిల్లాడికి ఒక్క మార్కు కూడా పోలేదు. మర్నాడు వాణ్ణే బోర్డు దగ్గరకు పిలిచి, డ్రమ్ములో కుళాయి నీళ్ళు పడుతున్నాయిరా, 2 నిమిషాలప్పుడు 50 లీటర్లున్నాయి, 6 నిమిషాలకు 130 అయ్యాయి, వాలు కట్టు అన్నాను. చకచకా 130లోంచి 50 తీసేశాడు, 6లోంచి 2 తీసేశాడు, 80 బై 4, 20 అని రాసి కింద రెండు గీతలు కొట్టాడు.

"20 ఏందిరా?" అన్నాను.

"ఆన్సర్ సార్" అన్నాడు.

క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను గానీ సాయంత్రం బండి మీద ఇంటికి పోతుంటే అదే బుర్రలో తిరిగింది. ఆ పిల్లాడికి పూర్తి మార్కులు వేసింది నేనే కదా. 20 అంటే నిమిషానికి 20 లీటర్లు అన్న సంగతి వాడికి తెలీదు, వాడికి తెలీదన్న సంగతి నా పేపరు నాకు చెప్పలేదు. అప్పట్నుంచి వాలు, మార్పు రేటు దగ్గర పిల్లల్ని పరీక్షించడానికి దొరికిన పద్ధతల్లా వాడి చూశాను. కొన్ని బాగా పనిచేశాయి, కొన్నిటికి నా ఆదివారాలు పోయాయి. ఏ పద్ధతి పెట్టాలో తేల్చుకోలేక ఉన్న మాస్టర్లకు, ట్యూషన్ చెప్పేవాళ్లకు, ఇంట్లో పిల్లల్ని చదివించుకునే తల్లిదండ్రులకు పనికొస్తుందని రాస్తున్నా.

## ముందు ఇవి చూసుకోండి

పద్ధతి ఎంచుకునే ముందు, అసలు ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో తేల్చుకోండి. "వాలు వచ్చా రాదా" అని ఒక్క ముక్కలో అడిగితే జవాబు దొరకదు, ఎందుకంటే ఆ ఒక్క మాటలో నాలుగైదు వేరువేరు సంగతులున్నాయి. రెండు బిందువులిస్తే వాలు కట్టగలడా, అది ఒకటి. వచ్చిన అంకెకు నిమిషానికి లీటర్లు, కిలోమీటరుకు రూపాయలు అని ప్రమాణం చెప్పగలడా, అది రెండోది. గ్రాఫు చూసి ఎక్కడ వేగంగా మారుతోందో వేలు పెట్టి చూపగలడా అన్నది ఇంకోటి. పట్టికలో, సమీకరణంలో, మాటల లెక్కలో ఉన్నది ఒకే వాలు అని పోల్చుకోగలడా అన్నది మరోటి. వీటన్నిటికంటే లోతైనది "ఎంత ఉంది" అన్నదానికీ "ఎంత తొందరగా పెరుగుతోంది" అన్నదానికీ తేడా తెలుసా అన్నది, పిల్లలు ఎక్కువగా పడిపోయేది అక్కడే. దీనికి మన మాట కూడా కొంచెం కారణమేమో. "ఏది ఎక్కువ?" అంటే ఎత్తు ఎక్కువా, పెరగడం ఎక్కువా అన్నది తెలుగులో తేలదు. ప్రశ్న రాసేటప్పుడు "ఏది తొందరగా పెరుగుతోంది" అని విడమర్చి రాయకపోతే తప్పు మనదే అవుతుంది.

రెండోది, మీ దగ్గర ఉన్న పిల్లలెంతమంది, టైమెంత. 50 మంది ఉన్న క్లాసుకూ పదిమంది ట్యూషనుకూ ఒకే సలహా పనికిరాదు. మూడోది భాష. ఇంగ్లిష్ మీడియం పిల్లలు స్లోప్ అనే మాటను సూత్రంతో పాటే బట్టీ పట్టేసి ఉంటారు, అదే సంగతి తెలుగులో అడిగితే కొందరు దాటేస్తారు, కొందరు మాత్రం అప్పుడే మొదటిసారి నోరు విప్పుతారు. జవాబు తెలుగులో చెప్పనివ్వండి, మనం కొలుస్తున్నది వాళ్ల ఇంగ్లిష్‌ను కాదు గదా. పక్కవాడిది చూసి రాయడానికి ఎంత వీలుంది, రిజిస్టర్లో మార్కు వేయాల్సి ఉందా లేదా, ఇవి కూడా లెక్కలోకి వస్తాయి.

అన్నీ ఒక్కచోట చూడాలనుకునేవాళ్లకు ఈ పట్టిక. టైములు నా క్లాసులో నాకు పట్టినవి.

| పద్ధతి | ఏం బయటపడుతుంది | 50 మందికి పట్టే టైమ్ | ఎక్కడ బోల్తా పడతాం |
|---|---|---|---|
| సూత్రం లెక్కలు | తీసివేతలు, గుర్తులు | రాయడం 20 నిమిషాలు, దిద్దడం గంటన్నర | అర్థం తెలియకపోయినా మార్కులు పడతాయి |
| బిట్లు | ఏ రకం తప్పు చేస్తున్నారో | పెట్టడం 10 నిమిషాలు, తయారుచేయడానికి ఒక సాయంత్రం | గుడ్డి టిక్కులు, పక్కవాడి పేపరు |
| గ్రాఫుకు కథ | గ్రాఫును బొమ్మలా చూస్తున్నారా | రాయడం 20 నిమిషాలు, చదవడం రెండు గంటలు | రాయడం రానివాడు లెక్క రానివాడిలా కనిపిస్తాడు |
| జత కార్డులు | పట్టిక, గ్రాఫు, సమీకరణం కలుపుకోగలరా | ఒక పీరియడ్, దిద్దే పని లేదు | గుంపులో ఒకడే చేసేస్తాడు |
| పలకలు | క్లాసు మొత్తం ఎక్కడుందో | 5 నిమిషాలు | ఎందుకు అట్లా అనుకున్నాడో కనిపించదు |
| పక్కన కూర్చోబెట్టి అడగడం | దాదాపు అన్నీ | ఒక్కొక్కరికి 5 నిమిషాలు, అందరికీ కుదరదు | జవాబు మనమే అందించేస్తాం |
| కొలిచి చూడటం | వాలు బయట ప్రపంచంలో కనపడుతోందా | రెండు పీరియడ్లు | టేపు తప్పా, అర్థం తప్పా తేలదు |

## సూత్రం లెక్కలు

వీటి గురించి ఎక్కువ చెప్పేదేం లేదు, అందరం పెట్టేవే. తీసివేతలో గుర్తులు తప్పుతున్నారా, పైదాన్ని కిందికి వేస్తున్నారా అన్నది తెలుస్తుంది. పరీక్షల్లో మార్కులు కావాలి కాబట్టి మానలేం. నేను చేసిన మార్పు ఒక్కటే, ప్రతి లెక్క కింద "వచ్చిన అంకెకు ప్రమాణంతో సహా ఒక వాక్యం రాయండి" అని చేర్చి, ఉన్న మార్కుల్లోనే ఒకటి దానికి పెట్టాను. అలా పెట్టిన మొదటిసారి సగం పేపర్లలో ఆ చోటు ఖాళీ.

## బిట్లు

బిట్లంటే చాలామందికి చిన్నచూపు గానీ, తప్పు ఆప్షన్లు ఆలోచించి పెడితే ఇంత తక్కువ టైములో ఇంత సమాచారం ఇచ్చేది ఇంకోటి లేదు. (1, 4), (3, 10) బిందువుల గుండా పోయే రేఖ వాలు ఎంత? జవాబు 3. మిగతా ఆప్షన్లు గాల్లోంచి తీయకండి. 1/3 పెడితే, అడ్డం మార్పును పైన వేసినవాడు దానికి టిక్కు పెడతాడు. 6 పెడితే, నిలువు మార్పు చూసి అక్కడే ఆగిపోయినవాడు దొరుకుతాడు. పైన ఒక వరుసలో, కింద ఇంకో వరుసలో తీసేసినవాడు −3 పెడతాడు. ఇక 10/3 పెట్టినవాడు చివరి బిందువు తీసుకుని yని xతో భాగించాడు, అందరికంటే ముందు పట్టించుకోవాల్సింది వాణ్ణి. ఎందుకంటే మిగతావాళ్లది చేతి తప్పు కావచ్చు, వీడికి మాత్రం మార్పు అన్న ఊహే లేదు.

ఈ రకం తప్పును ఇంకా తేటగా బయటపెట్టే బిట్ ఆటోది. ఎక్కగానే 30 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 15. నాలుగు కిలోమీటర్లకు 90 అవుతుంది. కిలోమీటరుకు ఎంత చొప్పున పెరుగుతోంది అంటే 90ని 4తో భాగించి 22.50 అనేవాళ్లు ఎంతమంది ఉంటారో మీ క్లాసులోనే చూడండి. రోజూ ఆటోలో వచ్చే పిల్లలు కూడా అంటారు.

బిట్లలో ఉన్న చిక్కు అందరికీ తెలిసిందే. నాలుగు ఆప్షన్లుంటే ఏమీ తెలియనివాడు కూడా నాలుగింట ఒకటి కొడతాడు, వెనక బెంచీల్లో పక్కవాడిది చూసి నాలుగుకు నాలుగు కొడతారు.

## గ్రాఫుకు కథ

నాకు ఎక్కువ ఇష్టమైనదీ, నా ఆదివారాలు తినేసిందీ ఇదే. ఒక గ్రాఫు ఇస్తాను. అడ్డంగా టైము, నిలువుగా నెల్లూరు నుంచి దూరం. బస్సు ఉదయం 6కి నెల్లూర్లో బయల్దేరి 7కి 55 కిలోమీటర్ల దగ్గరుంటుంది (అది కావలి అనుకోండి, దూరాలు లెక్క కోసం గుండ్రంగా వేసుకున్నవే). 7 నుంచి 7:20 దాకా గీత అడ్డంగా, ఆ తర్వాత మళ్ళీ పైకి లేచి 8:40కి 120 దగ్గర, అంటే ఒంగోల్లో ఆగుతుంది. గ్రాఫు మీద ఊళ్ల పేర్లుండవు. ఏం జరిగిందో కథ రాయమంటాను.

"బస్సు గట్టు ఎక్కతా ఉండాది సార్, కొంచేపు చదునుగా ఉండాది, మళ్ళీ గట్టు ఎక్కింది." ఇలాంటి కథలు మొదటిసారి ఎన్ని వచ్చాయో చెప్తే నమ్మరు. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా ఆ హైవే మీద గట్టు ఎక్కడుందిరా అంటే వాళ్లే నవ్వుతారు, అయినా గీత పైకి పోతే బస్సు కూడా పైకి పోతున్నట్టే కనిపిస్తుంది వాళ్లకు. గ్రాఫును గ్రాఫులా కాకుండా బొమ్మలా చూడటం ఇది, మన పిల్లలకే ఉన్న జబ్బు కూడా కాదు, ప్రపంచంలో ఎక్కడ లెక్కలు చెప్పేవాళ్లకైనా ఎదురయ్యేదే. సూత్రం లెక్కలు వంద పెట్టినా ఇది బయటపడదు.

ఇదే గ్రాఫు మీద రెండో ప్రశ్న: బస్సు ఎప్పుడు వేగంగా పోయింది, ఆగకముందా, ఆగాకా? మొదటి గంటలో 55 కిలోమీటర్లు పోయింది. రెండో ముక్కలో 65 కిలోమీటర్లకు గంటా 20 నిమిషాలు పట్టింది, గంటకు 49 కూడా లేదు. కానీ రెండో ముక్క గీత కాగితం మీద ఎత్తులో ఉంటుంది, పొడవుగా కూడా ఉంటుంది, చాలామంది దాన్నే వేలుతో చూపిస్తారు. ఎత్తునూ వాలునూ కలిపేయడం అంటే ఇదే.

నష్టం ఏంటంటే దిద్దడం. 50 కథలు చదవాలి, చేతిరాతలు ఒక్కోటి ఒక్కో లిపి. పైగా బాగా అర్థమై కూడా రాయలేని పిల్లలుంటారు, వాళ్లకు అన్యాయం జరుగుతుంది. నేనిప్పుడు నాలుగు వాక్యాలు చాలంటాను, కావాలంటే గ్రాఫు మీదే బాణం గుర్తులు పెట్టి ఒక్కో మాట రాయమంటాను.

కథలకు మార్కు వేయాలా అని అడిగేవాళ్లకు ఒక సంగతి. 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఇజ్రాయెల్ బడి పిల్లల మీద చేసిన అధ్యయనంలో ఒక గుంపుకు మార్కులిచ్చారు, ఇంకో గుంపుకు వ్యాఖ్య మాత్రమే రాశారు, మూడో గుంపుకు రెండూ ఇచ్చారు. మెరుగుపడింది వ్యాఖ్య మాత్రమే అందుకున్న గుంపు. రెండూ ఇచ్చినవాళ్లకు ఆ లాభం దక్కలేదు, మార్కు పక్కనుంటే వ్యాఖ్య పనిచేయలేదన్నమాట. అందుకే ఈ ఒక్కదానికి నేను మార్కు వేయను, "7కీ 7:20కీ మధ్య బస్సు ఎన్ని కిలోమీటర్లు పోయింది?" అని పక్కన ఒక ప్రశ్న రాసి ఇచ్చేస్తాను.

## జత కార్డులు

పాత క్యాలెండర్ అట్టలు కత్తిరించి, ఒక సంగతిని నాలుగు రూపాల్లో రాస్తాను: పట్టిక, గ్రాఫు, సమీకరణం, మాటలు. ఆరు సంగతులకు ఇరవై నాలుగు ముక్కలు. ముగ్గురేసి పిల్లలు కూర్చుని జతచేయాలి. దిద్దే పని లేదు, నేను చేయాల్సిందల్లా వెనక నిలబడి వాళ్ల గొడవ వినడమే. "ఇది దిగతా ఉండాది, దీనికి మైనస్ రావాలి" అని ఒక పాప వాదిస్తుంటే అక్కడ నాకు కావాల్సింది మొత్తం దొరికేస్తుంది.

ఒక కిటుకు. రెండు కార్డుల్లో ఒకే రేఖను వేరువేరు స్కేళ్లలో గీయండి, ఒకదాంట్లో నిటారుగా, ఇంకోదాంట్లో పడుకున్నట్టు కనిపించేలా. కంటితో చూసి జతచేసేవాళ్లు, అంకెలు చదివి జతచేసేవాళ్లు అక్కడ విడిపోతారు. గుంపుకు ముగ్గురికి మించితే మాత్రం ఒకడు చేస్తాడు, మిగతావాళ్లు కార్డులతో ఇళ్లు కడతారు.

## పలకలు

కొన్ని బడుల్లో తెల్లబోర్డు ముక్కలు కొంటున్నారు, మనకెందుకండీ, మార్కాపురం పలకలు పక్కనే ఉన్నాయి. హైస్కూలు పిల్లలు మొదట సిగ్గుపడతారు, రెండో రోజుకు వాళ్లే తెస్తారు, తమ్ముడిదో చెల్లెలిదో. "మైనస్ వాలు ఉన్న గీత గీయండి, మూడు లెక్కపెట్టేసరికి ఎత్తండి." యాభై పలకలు ఒక్కసారి లేస్తాయి, ఒక్క చూపులో క్లాసు ఎక్కడుందో తెలిసిపోతుంది, పక్కవాడిది చూసేంత టైము ఎవరికీ ఉండదు.

అడ్డగీతకు వాలెంత అని అడిగితే చాలామంది "వాలు లేదు" అని రాశారు. నిలువుగీతకు అడిగితే కూడా "వాలు లేదు" అనే రాశారు! మామూలు మాటల్లో రెండూ ఒప్పే, లెక్కలో మాత్రం ఒకటి 0, ఇంకోటి నిర్వచితం కాదు. అప్పట్నుంచి "లేదు" అనే మాట నిషేధించాను, 0 అంటే 0 అని రాయాలి.

ఎందుకు అలా గీశాడో పలక చెప్పదు. దానికి కింది పద్ధతి.

## పక్కన కూర్చోబెట్టుకుని అడగడం

ఐదు నిమిషాలు, ఒక పిల్ల, ఒక గ్రాఫు, మనం. దీన్ని మించింది లేదని నా ఉద్దేశం, కాకపోతే సరిగ్గా చేయడం కష్టం. నేను మొదట్లో చేసిన తప్పేంటంటే పిల్ల ఆగగానే "అంటే నిమిషానికి కదా?" అని నేనే అందించేవాణ్ణి, పిల్ల "అవును సార్" అనేది, నేను వచ్చిందని రాసుకునేవాణ్ణి. ఇప్పుడు ప్రశ్న అడిగి మనసులో పది అంకెలు లెక్కపెడతాను. ఏడు దాటాక మాట వస్తుంది చాలాసార్లు.

డ్రమ్ము లెక్కకే నేను అడిగేవి ఇవి. 20 ఏంటి? కుళాయి తిప్పకముందు డ్రమ్ములో నీళ్లున్నాయా, ఉంటే ఎన్ని? (10 లీటర్లు, 50లోంచి రెండు నిమిషాల నీళ్లు 40 తీసేస్తే.) కుళాయి సన్నగా చేస్తే గీత ఎట్టా మారుద్ది? చివరగా, "పక్క సెక్షన్లో ఒకడు 130 బై 6 చేశాడు, వాడు ఏమనుకుని అట్లా చేసుంటాడు?" ఈ చివరి ప్రశ్నకు పిల్లలకు భయం పోతుంది, తప్పు ఇంకొకడిది కాబట్టి. వాడి తప్పును విడమర్చి చెప్పగలిగిన పిల్లకు వాలు వచ్చినట్టే.

అందర్నీ అడగలేం. నేను ఐదుగుర్ని ఎంచుకుంటాను: మార్కులు బాగా వచ్చిన ఇద్దరు, మధ్యలో ఇద్దరు, అసలు మాట్లాడని ఒకరు. మార్కులు బాగా వచ్చినవాళ్లను వదిలేయొద్దు, "ఆన్సర్ సార్" బ్యాచ్ అక్కడే ఉంటుంది.

## కొలిచి చూడటం

బడి ముందు చక్రాల కుర్చీ కోసం కట్టిన ర్యాంపు ఉంటుంది కదా, దాన్ని టేపుతో కొలవమనడం. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది దాని ప్రమాణం, అంటే 1:12. మన బడిది సరిపోయిందా లేదా అన్నది తేల్చమంటే పిల్లలకు హుషారు వస్తుంది. మేస్త్రీల పిల్లలు ఈ రోజు మాస్టర్లవుతారు, వాళ్లకు "వాటం" అంటే తెలుసు, బాత్రూములో నీళ్లు ఎటు పోవాలో చిన్నప్పట్నుంచి వింటున్నారు. వాటమే వాలు అని చెప్పగానే ఒక పిల్లాడు "ఓస్ ఇదేనా" అన్నాడు.

ఒక చిక్కుంది. కొందరు పిల్లలు నేల మీద అడ్డంగా కాకుండా ర్యాంపు మీదుగానే ఏటవాలుగా టేపు పెడతారు. అది తప్పే, కానీ 1:12 దగ్గర రెండు కొలతలకీ తేడా ఎంత చిన్నదంటే (12కు బదులు 12.04) జవాబులో తప్పు దొరకదు. అందుకే పరీక్ష కోసమైతే మెట్లు మేలు. మెట్టు ఎత్తు 6 అంగుళాలు, వెడల్పు 10 అంగుళాలు ఉంటే వాలు 0.6 రావాలి, రెయిలింగు వెంబడి ఏటవాలుగా కొలిచినవాడికి 0.51 వస్తుంది, దొరికిపోతాడు. మార్కులు వేయాలంటే ప్రాజెక్టు పని కింద బాగా సరిపోతుంది. ఎండాకాలం మాత్రం మొదటి పీరియడ్లోనే పెట్టుకోండి.

## ఎవరికి ఏది

జిల్లా పరిషత్ హైస్కూల్లో యాభై మందితో ఉన్నవాళ్లకు నా ఓటు పలకలకు, దాని వెనక వారానికి ఐదుగురితో మాటలకు. బిట్లు పాఠం చివర ఒక్కసారి, ఆప్షన్లు పైన చెప్పినట్టు పెట్టి. కథలు ఏడాదికి ఒక్కసారి చాలు, మీ ఆదివారం మీద మీకూ ఇంట్లోవాళ్లకూ హక్కుంది.

ఇంటర్ చెప్పేవాళ్ల పరిస్థితి వేరు. ఇప్పుడు పదిలో వాడుతున్న ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో నిరూపక జ్యామితి అంటే దూరం సూత్రం, విభజన సూత్రం, అంతే. కాబట్టి పిల్లలు వాలును తిన్నగా మీ సరళరేఖల దగ్గరే మొదటిసారి చూస్తారు, కొన్నాళ్లకే అవకలనం (డిఫరెన్షియేషన్, మారుతూ పోయే రేటును ఒక్కో చోట కట్టడం) వచ్చి మీద పడుతుంది. వారం వారం బిట్ పరీక్షలు ఎలాగూ ఉంటాయి, వాటిలో ఒకే ఒక బిట్ కింద "ఎందుకు" అని ఒక గీత వదలండి చాలు. రేటు కూడా మారుతుందన్న ఊహ ఉందో లేదో చూడాలంటే ఇంట్లో కరెంటు బిల్లు తెమ్మనండి. మొదటి యూనిట్లకు తక్కువ రేటు, వాడకం పెరిగేకొద్దీ స్లాబు మారి ఎక్కువ రేటు. యూనిట్లకూ రూపాయలకూ గ్రాఫు గీస్తే స్లాబు మారిన చోటల్లా గీత విరిగి ఇంకా నిటారుగా లేస్తుంది. ఎందుకు విరిగిందో చెప్పలేని పిల్లాడికి అవకలనం సూత్రాలు ఎన్ని నేర్పినా పై పూతే.

ట్యూషన్లో ఎనిమిది, పదిమంది ఉంటే కార్డులూ మాటలూ చాలు, పేపరు అవసరమే లేదు, అది ఎలాగూ బడిలో పెడతారు. ఇంట్లో అమ్మానాన్నలైతే సూత్రం జోలికి పోకండి, మీకు గుర్తులేకపోయినా పర్లేదు. ఆటో దిగేటప్పుడు "ఇంకో కిలోమీటరు పోయుంటే ఇంకెంత ఇవ్వాల్సొచ్చేది?" అని అడగండి. 15 అంటే మీ పిల్లకు వచ్చు. 22.50 అంటే ఆ సాయంత్రం కాస్త కూర్చోవాలి.

వీటిలో దేనికీ టైము లేదు, ఒకే ఒక్క ప్రశ్న అడగగలను అంటారా? బోర్డు మీద రెండు డ్రమ్ముల గ్రాఫు గీయండి. ఒకటి 40 లీటర్ల దగ్గర మొదలై నిమిషానికి 5 చొప్పున పెరుగుతుంది, ఇంకోటి 10 దగ్గర మొదలై నిమిషానికి 12 చొప్పున. మూడో నిమిషం దగ్గర నిలువుగా ఒక చుక్కల గీత గీయండి, అక్కడ మొదటిది 55 దగ్గర పైన, రెండోది 46 దగ్గర కింద ఉంటాయి. "ఇక్కడ ఏది తొందరగా నిండుతోంది?" అని అడిగి, సుద్దముక్క పక్కన పెట్టి, పది దాకా లెక్కపెట్టండి.